కట్టమంచి రామలింగారెడ్డి: చిన్న పట్టణంలో పెద్ద చదువు

ఏటా పరీక్షాఫలితాలు వెలువడే రోజులలో మా మాచవరం పరిసరాలలోని ఇళ్ళలో ఒకే చర్చ వినవస్తుంది. పై చదువుకు పిల్లవానిని ఎక్కడికి పంపవలె? పిడుగురాళ్ళలో రైలెక్కితే హైదరాబాదు చేరవచ్చును. నరసరావుపేట, గుంటూరు మనకు చేరువ. నాగార్జున విశ్వవిద్యాలయం మన పొలిమేరలోనిదే అనుకోవచ్చును. ఉర్దూ చదువుకున్న విద్యార్థికి ఒకవైపు హైదరాబాదులో 1998లో వెలసిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కనిపిస్తుంది. మరొకవైపు కర్నూలులో 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం కనిపిస్తుంది. మహానగరం పేరు చెప్పగానే పిల్లల కన్నులు వెలుగుతాయి. చిన్న పట్టణం పేరు చెప్పగానే ముఖాలు చిన్నబోతాయి. ఊరు చిన్నదైతే చదువు కూడా చిన్నదైపోతుందని వారి భయం. మహానగరమైతే ఖర్చు భరించలేమని, ఆడపిల్లను అంతదూరం పంపలేమని తల్లిదండ్రుల భయం. ఈ రెండు భయాల నడుమ ఎందరో తెలివైన పిల్లల చదువు ఆగిపోవడం మేము చూస్తూనే ఉన్నాము.

ఈ ప్రశ్న నేటిది కాదు. సుమారు నూరేళ్ళ క్రితం ఒక విద్యార్థికి కాక యావదాంధ్రజాతికే ఇది ఎదురైనది. మనకంటూ ఒక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానిని ఏ ఊరిలో నెలకొల్పవలెనన్న వివాదం నాలుగేళ్ళు సాగినది. చివరకు ఆ విద్యాలయం రైళ్ళ కూడలి అయిన బెజవాడను విడిచి సముద్రతీరాన ఉన్న వాల్తేరు మెట్టకు తరలినది. ఆ విద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, దానిని పెంచి పెద్దచేసిన మహనీయుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారి జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

జననం, విద్యాభ్యాసం

రామలింగారెడ్డిగారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యంరెడ్డిగారు, తల్లి నారాయణమ్మగారు. నాటికి చిత్తూరు ప్రత్యేక జిల్లా కాదు. ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక భాగం. ప్రారంభ విద్య చిత్తూరులోనే సాగినది. పై చదువు కావలెనన్న తెలుగు యువకునికి ఆనాడు మద్రాసు తప్ప వేరొక గొప్ప గమ్యం లేదు. రాజమహేంద్రవరం, గుంటూరు వంటి చోట్ల కళాశాలలు లేకపోలేదు గాని అవన్నీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధాలు. పట్టా ఇచ్చేది, పరీక్ష పెట్టేది, పాఠ్యగ్రంథం నిర్ణయించేది అంతా మద్రాసే. యువకుడైన రామలింగారెడ్డి కూడా మద్రాసు వెళ్ళి క్రైస్తవ కళాశాలలో చేరారు.

ఆ కళాశాలలో చదువుతూండగానే, ఇరవైయేళ్ళు నిండకముందే, 1899లో వారు ముసలమ్మ మరణము అనే కావ్యం రచించారు. అనంతపురం సమీపాన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతున్న సమయంలో ఊరిని కాపాడటానికి ప్రాణాలర్పించిన ఒక ఇంటి కోడలి గాథ అది. రాజులను, దేవతలను విడిచి ఒక సామాన్య గ్రామీణ స్త్రీని నాయికగా నిలిపినందువల్ల ఆ చిన్న కావ్యం తెలుగు సాహిత్యంలో కొత్త దారికి సూచన అయినది. మహానగరంలో కూర్చున్న విద్యార్థి మనస్సు తన సీమలోని ఒక పల్లె చెరువుగట్టు మీద నిలిచి ఉండటం గమనింపదగినది. ఊరు విడిచి వెళ్ళినవాడు ఊరిని మరచిపోనక్కరలేదని ఈ ఒక్క విషయమే చెప్పుచున్నది.

కేంబ్రిడ్జి

ప్రభుత్వ విద్యార్థి వేతనం లభించగా 1902లో వారు ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. చరిత్ర ప్రధానాంశంగా చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షునిగా ఎన్నికైన తొలి భారతీయునిగా వారికి పేరు వచ్చినది. ఆంగ్లేయులు ఏలుతున్న దేశంనుండి వెళ్ళిన ఒక తెలుగు యువకుడు ఆంగ్లేయుల సభలోనే వక్తృత్వంతో మన్నన పొందటం ఆనాటికి అసామాన్యమైన సంగతి.

ఇక్కడ మా విద్యార్థులు ఒక సంగతి ఆలోచించవలె. కేంబ్రిడ్జి లండను వంటి మహానగరం కాదు. చిన్న నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. సామ్రాజ్య రాజధాని లండను అయినా, ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ విద్యాపీఠం వందల ఏళ్ళుగా ఆ చిన్న పట్టణంలోనే వర్ధిల్లినది. గురువులు, శిష్యులు ఒకే ప్రాంగణంలో నివసించటం, భోజనశాలలో సైతం చదువు ముచ్చటలు సాగటం, ఊరంతా విద్యాలయం చుట్టూనే తిరగటం అక్కడి పద్ధతి. ఆ పద్ధతిని కన్నులారా చూచిన వ్యక్తి ఇరవై ఏళ్ళ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అధిపతి అయినారు. మన దేశంలో కూడా ఇటువంటి ఉదాహరణ ఉన్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో తన విద్యాలయాన్ని ఢిల్లీలో గాని, ఆగ్రాలో గాని స్థాపించక అలీగఢ్ అనే చిన్న పట్టణంలో ప్రారంభించారు. అది 1920లో విశ్వవిద్యాలయమైనది. నేడు అలీగఢ్ పేరు చెబితే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఆ విద్యాలయమే.

బరోడా, మైసూరు సేవ

స్వదేశం తిరిగివచ్చిన పిమ్మట రామలింగారెడ్డిగారు మద్రాసులో పెద్ద ఉద్యోగం వెదుక్కొనలేదు. విద్యాభిమాని అయిన సయాజీరావు గాయక్వాడ్ మహారాజు ఆదరణలో బరోడా కళాశాలలో చేరి, అంతకుముందు అరవిందులు నిర్వహించిన ఉపాధ్యక్ష పదవిని నిర్వహించారు. అనంతరం 1909 ప్రాంతంలో మైసూరు సంస్థానానికి వెళ్ళి మహారాజా కళాశాలలో ఆచార్యులైనారు. క్రమంగా ఆ కళాశాలకు ప్రిన్సిపాల్, పిదప సంస్థాన విద్యాశాఖకు అధిపతి అయినారు.

మైసూరులో ఉన్న కాలంలోనే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం అవతరించినది. నాల్వడి కృష్ణరాజ ఒడయరు పాలనలో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్నప్పుడు ఏర్పడిన ఆ విద్యాలయపు రూపకల్పనలో రామలింగారెడ్డిగారి ఆలోచన కూడా ఉన్నది. విదేశాల విద్యావిధానాలను స్వయంగా చూచివచ్చిన అనుభవం అందుకు తోడ్పడినది. ఆ విశ్వవిద్యాలయానికి బెంగుళూరులో కళాశాల ఉన్నప్పటికీ, ప్రధాన స్థానం మాత్రం మైసూరే. విద్యాశాఖాధిపతిగా వారు చేసిన పనులలో మిక్కిలి ముఖ్యమైనది, అస్పృశ్యులని దూరంగా ఉంచబడిన పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరిపించటం. అందువల్ల కొన్ని వర్గాలలో అలజడి రేగినా వారు వెనుకంజ వేయలేదు. ఎక్కడ విద్యాలయం ఉన్నదన్న ప్రశ్నకంటె అందులో ఎవరికి చోటున్నదన్న ప్రశ్న పెద్దదని వారు ఆచరణలో చూపించారు.

ఉద్యోగ భారం మధ్య సాహిత్య కృషిని వారు విడువలేదు. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము తెలుగు విమర్శకు కొత్త చూపు ఇచ్చిన గ్రంథం. పింగళి సూరన కావ్యాలను పాత అలంకారశాస్త్రపు కొలతలతో కాక కథానిర్మాణం, పాత్రపోషణ, భావనాశక్తి అనే కొలతలతో పరిశీలించటం అందులోని విశేషం. దానిపై పండితలోకంలో వాదోపవాదాలు చెలరేగాయి. అర్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పవచ్చునని నిరూపిస్తూ భారత అర్థశాస్త్రము అనే గ్రంథం కూడా రచించారు. ఆంగ్లంలో అంతటి వక్త అయినవాడు శాస్త్రవిషయాన్ని తెలుగులో వ్రాయటానికి పూనుకొనటం మాతృభాషపట్ల వారికి గల గౌరవానికి నిదర్శనం.

1921లో మైసూరు పదవికి రాజీనామా చేసి రాజకీయాలలో ప్రవేశించారు. తొలుత జస్టిస్ పార్టీ పక్షాన మద్రాసు శాసనమండలిలో ఉన్నారు. కొద్దికాలానికే ఆ పక్షంతో విభేదించి బయటికి వచ్చారు. 1923 నవంబరులో పానగల్లు రాజావారి మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించారు. తీర్మానం వీగిపోయినది గాని, శాసనసభలో మంత్రులను నిలదీయవచ్చునన్న సంప్రదాయానికి అది నాంది పలికినది.

విశ్వవిద్యాలయం ఎక్కడ?

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావలెనన్న కోరిక ఆంధ్రోద్యమంతోపాటు పెరిగినది. మద్రాసు శాసనమండలి 1925లో చట్టం చేయగా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినది. రామలింగారెడ్డిగారు తొలి వైస్ ఛాన్సలర్ అయినారు. కార్యాలయం బెజవాడలో ప్రారంభమైనది.

అక్కడినుండి స్థలవివాదం మొదలైనది. బెజవాడ పక్షంవారి వాదం తేలికగా తీసివేయదగినది కాదు. కృష్ణ ఒడ్డున, ఆంధ్రదేశం నడిబొడ్డున, నాలుగు దిక్కుల రైళ్ళు కలిసే చోటు అది. మన గుంటూరు జిల్లా విద్యార్థికి ఒక పూట ప్రయాణం. రాజమహేంద్రవరం పక్షంవారు తమది నన్నయ నడయాడిన గోదావరీతీరమని, పూర్వంనుండి కళాశాలలకు పేరుపొందిన నగరమని వాదించారు. రాయలసీమవారు తమ ప్రాంతం ఎప్పుడూ చివరనే మిగిలిపోతున్నదని చెప్పి అనంతపురాన్ని కోరారు. ఉత్తరాన విశాఖపట్నం, దాని ప్రక్కనున్న వాల్తేరు మెట్ట కూడా పోటీలోకి వచ్చాయి.

నాటి విశాఖపట్నం నేటి విశాఖపట్నం కాదని మా విద్యార్థులు గుర్తుంచుకొనవలె. 1931 జనాభా లెక్కలలో మద్రాసు జనాభా 6 లక్షలు దాటి ఉండగా, విశాఖపట్నం జనాభా 60 వేలకు లోపుగానే ఉన్నది. ఓడరేవు ఇంకా నిర్మాణదశలోనే ఉన్నది. అది 1933లో గాని ప్రారంభం కాలేదు. ఉక్కు కర్మాగారం మాట లేనే లేదు. వాల్తేరు మెట్ట అంటే ఎర్రమట్టి నేల, సరుగుడు, తాటిచెట్లు, సముద్రపు గాలి. మద్రాసులోనో కలకత్తాలోనో చదువుకున్నవారికి అది చివరి అంచున ఉన్న పల్లెటూరుగానే తోచి ఉండవచ్చును.

అయినా వాల్తేరుకు మూడు బలాలు ఉన్నవి. మొదటిది, 1923నుండి విశాఖపట్నంలో వైద్య కళాశాల ఉన్నది. రెండవది, ఎంత కావలెనంటే అంత విశాలమైన నేల ఉన్నది. కళాశాలలు, ప్రయోగశాలలు, గ్రంథాలయం, విద్యార్థి వసతి గృహాలు, ఆచార్యుల ఇళ్ళు అన్నీ ఒకే చోట కట్టవచ్చును. క్రిక్కిరిసిన పట్టణం నడుమ ఇది సాధ్యంకాదు. మూడవది ధనం. ఉత్తరాంధ్రకు ఆనుకొని ఉన్న జయపురం సంస్థానం ఏటా లక్ష రూపాయల విరాళానికి ముందుకు వచ్చినది. ఆ రోజులలో లక్ష రూపాయలంటే ఒక కళాశాలను నిలబెట్టగల మొత్తం. విశ్వవిద్యాలయపు శాస్త్ర సాంకేతిక కళాశాలకు తరువాత జయపురం ప్రభువు విక్రమదేవవర్మగారి పేరు పెట్టటం ఆ ఋణానికి గుర్తు.

ఇక్కడ వివాదంలోని అసలు కీలకం తేటపడుతుంది. విశ్వవిద్యాలయమంటే అనుబంధ కళాశాలలకు పరీక్షలు పెట్టి పట్టాలు పంచే కార్యాలయం మాత్రమే అయితే, రైళ్ళ కూడలే దానికి తగిన స్థలం. గురుశిష్యులు కలిసి నివసించి, కొత్త జ్ఞానాన్ని పుట్టించే చోటు అయితే, దానికి కావలసినది నేల, నిశ్శబ్దం, ప్రయోగశాల, మంచి గురువు. 1930 నాటికి విశ్వవిద్యాలయం వాల్తేరుకు తరలినది. పరీక్షల కార్యాలయంగా పుట్టినది బోధనాపీఠంగా మారటానికి దారి ఏర్పడినది.

రాజీనామా: రాధాకృష్ణ పండితుల రాక

వాల్తేరులో పునాదులు పడుతున్న 1930వ సంవత్సరంలోనే దేశంలో ఉప్పు సత్యాగ్రహం సాగినది. ప్రభుత్వం సత్యాగ్రహులపై జరిపిన దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డిగారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. తన చేతులతో నాటిన మొక్క చిగురిస్తున్న సమయంలో దానిని విడిచిపోవటం తేలిక కాదు. పదవి కోసం ఆత్మగౌరవాన్ని తాకట్టు పెట్టరాదని వారు భావించారు.

వారి స్థానంలో 1931లో వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు. వారి నిర్ణయం మన ప్రశ్నకు మరింత దగ్గరిది. అప్పటికి పదేళ్ళుగా వారు కలకత్తా విశ్వవిద్యాలయంలో దర్శనశాస్త్ర ప్రధానాచార్యులు. కలకత్తా నాడు దేశంలోని మహానగరాలలో అగ్రగణ్యం. రవీంద్రుని వంగదేశం, రామన్ ప్రయోగశాల, గొప్ప గ్రంథాలయాలు అన్నీ అక్కడ ఉన్నవి. ఆక్స్‌ఫర్డులో ఉపన్యసించి అంతర్జాతీయ ఖ్యాతి గడించిన వ్యక్తి ఆ నగరాన్ని విడిచి, ఇంకా గోడలు లేవని ఒక విద్యాలయానికి అధిపతిగా వాల్తేరు మెట్టకు వచ్చారు. 1936 వరకు ఉన్నారు.

వారు వచ్చి చేసిన ముఖ్యమైన పని యువకులైన ఆచార్యులను వెదకి తేవటం. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో రామన్ శిష్యుడైన సూరి భగవంతంగారు 1932లో, ఇరవైల తొలినాళ్ళలోనే, వాల్తేరు భౌతికశాస్త్ర శాఖలో చేరారు. తరువాత వారు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయినారు. 1933లో రసాయనశాస్త్ర శాఖకు వచ్చిన టి.ఆర్. శేషాద్రిగారు మొక్కలలోని రంగుద్రవ్యాలపై పరిశోధనకు ప్రపంచమంతటా పేరుపొందారు. ఆక్స్‌ఫర్డులో చదివివచ్చిన హుమాయూన్ కబీర్ దర్శనశాస్త్రం బోధించారు. వంగకవి అయిన ఆ యువకుడే తరువాత మౌలానా ఆజాద్‌కు సన్నిహితుడై, స్వతంత్ర భారతదేశంలో కేంద్రమంత్రి అయినారు. పార్లమెంటులో గొప్ప వక్తగా పేరొందిన హీరేన్ ముఖర్జీ కూడా కొంతకాలం అక్కడ అధ్యాపకులుగా ఉన్నారు.

60 వేల జనాభా లేని పట్టణంలో ఒక తెలుగు విద్యార్థి ఇటువంటి గురువుల ఎదుట కూర్చొని చదువుకొనగలిగాడు. మహానగరంలో వందలమంది మధ్య ఒకడుగా దూరంనుండి చూడవలసిన ఆచార్యుని వాల్తేరులో సాయంకాలం సముద్రతీరాన నడుస్తూ పలకరించవచ్చును. చిన్నచోటులోని పెద్ద లాభం ఇదియే.

మరల వాల్తేరు: యుద్ధం, గుంటూరు

1936లో రామలింగారెడ్డిగారు తిరిగి వైస్ ఛాన్సలర్ అయినారు. ఈమారు 1949 వరకు, పదమూడేళ్ళు ఏకధాటిగా ఆ బాధ్యత వహించారు. శాస్త్ర, సాంకేతిక విద్యలకు వారు ఎక్కువ ప్రాధాన్యమిచ్చారు. దేశం బాగుపడవలెనంటే పట్టభద్రుడు గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు వ్రాయటంతో ఆగిపోరాదని, పరిశ్రమకు, పరిశోధనకు పనికిరావలెనని వారి తలంపు. వారు అవివాహితులు. విద్యాలయమే వారి సంసారం.

అయితే చిన్న పట్టణానికి చిక్కులు ఉండవని చెప్పటం అసత్యమవుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. రేవుపట్టణం కావటమే దానికి ముప్పు తెచ్చినది. ప్రజలు ఊరు విడిచి పారిపోయారు. ప్రాంగణం సైన్యం అవసరాలకు పోయినది. విశ్వవిద్యాలయ శాఖలు మన గుంటూరుకు తరలివచ్చాయి. పదేళ్ళ శ్రమతో కూర్చుకొన్న పరికరాలను, గ్రంథాలను మూటగట్టి పరాయి కట్టడాలలో పాఠాలు చెప్పవలసి వచ్చినది. మేము పల్నాటివారము ఈ సంగతిని ప్రత్యేకంగా స్మరించుకొంటాము. బోధన ఆగకుండా సాగటానికి ఆ కష్టకాలంలో గుంటూరు నీడనిచ్చినది. యుద్ధం ముగిసిన పిమ్మట విశ్వవిద్యాలయం తన చోటికి తిరిగి వెళ్ళినది. గోడలు పోయినా గురువులు, శిష్యులు నిలిచి ఉంటే విద్యాలయం బ్రతుకుతుందని ఆ ఏళ్ళు నిరూపించాయి.

ఆ రోజులలోనే విశాఖపట్నంలో చదివిన ఒక విద్యార్థి కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రంలో పట్టా పొంది, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థకు వెళ్ళారు. 1945లో వారు ప్రకటించిన ఒక పరిశోధన పత్రం నేటికీ ప్రపంచంలోని గణాంకశాస్త్ర విద్యార్థులందరూ చదివే సూత్రాలకు మూలమైనది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వారిని వరించినది. అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ళ వయస్సులో వారు కన్నుమూశారు. చిన్న పట్టణంలో పడిన పునాది వారిని మహానగరానికి వెళ్ళకుండా ఆపలేదు. వెళ్ళినచోట నిలబడే శక్తి ఇచ్చినది.

నాణేనికి రెండవ వైపు

చరిత్రను ఒకవైపునుండే చెప్పటం విద్యార్థులకు మేలు చేయదు. వాల్తేరు నిర్ణయం అందరికీ సంతోషం కలిగించలేదు. తమ కోరిక తీరని రాయలసీమ ప్రాంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కలియక మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయినది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ జరిగిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఒక ముఖ్యాంశం కావటానికి ఈ అసంతృప్తియే కారణం. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు ఆ సీమకు స్వంత విశ్వవిద్యాలయం లేదు.

మన పల్నాటికి కూడా వాల్తేరు దూరమే. 400 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, నెలల తరబడి ఇల్లు విడిచి ఉండగలిగిన కుటుంబాలు ఎన్ని? మిరప చేనిపైన, సున్నపు బట్టీలపైన, చిన్న దుకాణంపైన బ్రతికే ఇంటి పిల్లవానికి వాల్తేరు కూడా మద్రాసంత దూరమే. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. గురువు ఎంత గొప్పవాడైనా ఆయన దగ్గరికి చేరే దారి లేకపోతే ఆ గొప్పతనం మనకు కథగానే మిగులుతుంది. ఈ లోటు తీరటానికి చాలా కాలం పట్టినది. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో స్నాతకోత్తర కేంద్రం తెరచినది. అదియే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంగా రూపొందినది. ఆ సంవత్సరం సెప్టెంబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దానిని ప్రారంభించారు. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్‌గారు కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించటంలోని భావం కూడా ఇదే. మద్రాసులో ఉన్నత పదవులు నిర్వహించిన ఆ విద్యావేత్త, మహానగరానికి వెళ్ళలేని పిల్లల దగ్గరికి చదువే వెళ్ళవలెనని తలచి స్వంత ఊరిలో దీపం వెలిగించారు.

చివరి రోజులు

1949లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బాధ్యతనుండి తప్పుకొన్న పిమ్మట రామలింగారెడ్డిగారు తాము యౌవనంలో సేవించిన మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా గౌరవం పొందారు. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించారు. కట్టమంచినుండి మద్రాసుకు, మద్రాసునుండి కేంబ్రిడ్జికి, అక్కడినుండి బరోడా, మైసూరు, బెజవాడ, వాల్తేరులకు సాగిన ఆ జీవితయాత్రలో పెద్ద ఊరినుండి చిన్న ఊరికి మరలిన సందర్భాలే ఎక్కువ. అట్లా మరలిన ప్రతిసారీ వారు చిన్నవారు కాలేదు. చేరిన ఊరు పెద్దదైనది.

మనకు పాఠం

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ జీవితంనుండి మేము గ్రహించినది ఇంతే. విద్యాలయాన్ని ఎన్నుకొనేటప్పుడు ఊరి జనాభాను లెక్కించవద్దు. మూడు సంగతులు విచారించండి. మీరు చదువదలచిన విషయానికి అక్కడ మంచి గురువులు ఉన్నారా? గ్రంథాలయం, ప్రయోగశాల, వసతిగృహం ఉన్నవా? మూడేళ్ళు అప్పుల బాధ లేకుండా అక్కడ ఉండగలరా? ఈ మూడింటికీ తృప్తికరమైన సమాధానం లభిస్తే కర్నూలైనా, నరసరావుపేటైనా, నాగార్జున నగరమైనా సంకోచించక వెళ్ళండి. ఈ మూడూ లేక కేవలం దగ్గరనే కారణం చేత చిన్న పట్టణం ఎన్నుకొనటం కూడా పొరపాటే. వాల్తేరు గొప్పదైనది చిన్నదైనందువల్ల కాదు. అక్కడికి గురువులు వచ్చినందువల్ల, దాతలు ధనమిచ్చినందువల్ల, విద్యార్థులు నమ్మి చేరినందువల్ల. మీరు చదువదలచిన శాస్త్రం హైదరాబాదులో తప్ప లభించకపోతే హైదరాబాదే వెళ్ళండి. రామలింగారెడ్డిగారు అవసరమైనప్పుడు సముద్రాలు దాటి వెళ్ళినవారే.

తల్లిదండ్రులకు ఒక మనవి. కుమారునికి హైదరాబాదు, కుమార్తెకు ఇల్లు అని ముందే విభజించి పెట్టవద్దు. అంతదూరం పంపటానికి మనస్సు ఒప్పకపోతే గుంటూరులోనో, నాగార్జున నగరంలోనో చదివించవచ్చును గదా! మహానగరానికి పంపలేమన్న మాట చదువు మాన్పించటానికి సాకు కారాదు.

మా కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. జయపురం ప్రభువుల లక్ష రూపాయలు లేకుంటే వాల్తేరు మెట్టమీద సరుగుడు చెట్లే మిగిలి ఉండేవి. పై చదువుకు వెళ్ళే మా పిల్లలకు మొదటి ఏడాది వసతిగృహపు ఖర్చుకు, పుస్తకాలకు చిన్న నిధి ఏర్పరచగలిగితే, ఏ ఊరు అన్న ప్రశ్నలో సగం భయం తొలగిపోతుంది. మిగిలిన సగం ధైర్యం మా విద్యార్థులు తామే కూర్చుకొంటారని మా నమ్మకం.

పెద్ద ఊరు పేరు తెచ్చిపెడుతుందని ఎదురుచూడటం కన్న, మనం చేరిన ఊరికి పేరు తేవటం మేలు. కట్టమంచి కుగ్రామంలో పుట్టి వాల్తేరు మెట్టకు వన్నె తెచ్చిన ఆ మహనీయుని స్మృతికి అంజలి ఘటిస్తూ, ఈ ఏడు మాచవరం విడిచి పై చదువులకు పయనమయ్యే ప్రతి విద్యార్థికి, విద్యార్థినికి మేము శుభం కోరుచున్నాము.